"రోమన్ రిపబ్లిక్ సైనికుడి సెట్" ఆన్‌లైన్‌లో కొనేముందు ఇది చదవండి

రోమ్ మీద దండెత్తిన కార్తేజ్ సేనాని హన్నిబాల్ కాలపు రోమన్ సైనికుడి కవచం, డాలు, కత్తి, హెల్మెట్, అన్నీ కలిపి ఒకే సెట్ అంటూ అమ్మే ఆన్‌లైన్ షాపు ఒకటుంది. పేరు రాయను గానీ, ఆ ఫొటోలు చూసి డబ్బు కట్టబోతున్నవాళ్ళు కాస్త ఆగండి. నాకొచ్చిన పెట్టెలో ఆ కాలపు సామాను ఒక్కటీ లేదు.

కవచం సంగతి చూడండి. ఇనుప పట్టీలు వరసగా పేర్చి భుజాల దాకా కప్పేది పంపారు, సినిమాల్లో అందరూ చూసేది అదే కదా. ఆ రకం ఆనవాళ్ళు దొరికేది క్రీ.పూ. 9 ప్రాంతం నుంచి, హన్నిబాల్ ఇటలీలోని కానే దగ్గర రోమన్లను చితక్కొట్టింది క్రీ.పూ. 216లో. బాలచంద్రుడి చేతికి తుపాకీ ఇచ్చి పల్నాటి యుద్ధం ఆడించినట్టుంది! ఆనాటి సైన్యం గురించి గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ వివరంగానే రాశాడు: మామూలు సైనికుడికి గుండె మీద జానెడు పొడవు, జానెడు వెడల్పు ఉన్న కంచు పలక, ఆస్తి పదివేల ద్రాక్మాలు (గ్రీకు వెండి నాణేలు) దాటినవాడికైతే గొలుసు కవచం.

డాలు ఇంకా ఘోరం. పాలిబియస్ చెప్పింది రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు, చెక్క పొరలు జిగురుతో అంటించి, పైన గుడ్డ, ఆ పైన దూడ చర్మం, పైఅంచుకీ కిందిఅంచుకీ ఇనుము. ఈజిప్టులో ఫయూమ్ ప్రాంతంలో దొరికిన పాత డాలు కోలగా ఉంటుంది, 128 సెం.మీ. పొడవు. నాకొచ్చింది నాలుగు మూలల ఎండీఎఫ్ (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) ముక్క, దాని మీద రెక్కలూ పిడుగులూ ఉన్న స్టిక్కర్. గోరు పెడితే అంచు లేచొచ్చింది.

హెల్మెట్ "స్వచ్ఛమైన ఇత్తడి" అని రాశారు. ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి పెడితే టక్కున అతుక్కుంది, చెంప రేకు బిగించిన రివెట్ చుట్టూ అప్పుడే తుప్పు మొదలైంది. పైగా మెడ వెనక అంత పెద్ద రేకున్న హెల్మెట్ చక్రవర్తుల కాలంది. చక్రవర్తులు రాకముందటి రిపబ్లిక్ నాటి మోంటెఫోర్టినో రకానికి నడినెత్తిన బొడిపె ఉంటుంది, వెనక అంచు చిన్నది. కత్తి అలుగుకు టేపు పెట్టి చూశాను, 45 సెం.మీ. ఆనాటి స్పానిష్ కత్తి అలుగు 60 దాటుతుంది.

వాపసు అడిగితే "ఇది కలెక్షన్ వస్తువు, రిటర్న్ లేదు" అన్నారు. గట్టిగా అడిగితే సగం డబ్బిస్తాం, కొరియర్ ఖర్చు మీదే అన్నారు, ఆ బరువుకి కొరియర్ ఎంతవుతుందో తెలిసే అన్నారు లెండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు పెట్టాను, ఇంకా తేలలేదు.

కొనాలనుకుంటే ముందు హెల్మెట్ లోపలి వైపు ఫొటో, అయస్కాంతం పెట్టిన వీడియో, డాలు అంచు దగ్గరి ఫొటో అడగండి. గొలుసు కవచమైతే వలయాలకు రివెట్లున్నాయో లేదో కనిపించేలా తీయమనండి, ఉత్తినే వంచి కలిపినవి లాగితే విడిపోతాయి. ఫొటో పంపడానికి సాకులు చెబితే వదిలేయండి. నిజమైన ఇత్తడితో మోంటెఫోర్టినో చేసిచ్చేవాళ్ళెవరైనా తెలిస్తే కింద రాయండి, నాకింకా కావాలి.