చదువు వచ్చింది, రాత ఆలస్యమైంది: ఆటోమేషన్‌ను సర్వీస్ ఇన్వెంటరీకి కలిపిన సేవపై సమీక్ష

విజయవాడలో ఇంటర్నెట్ కనెక్షన్లు ఇచ్చే ఒక మధ్యతరహా సంస్థలో నెట్‌వర్క్ విభాగం బాధ్యత నాది. ఇటు పటమట నుంచి గొల్లపూడి వరకు, అటు వారధి దాటి మంగళగిరి మీదుగా గుంటూరు బ్రాడీపేట, అరండల్‌పేటల దాకా మా ఫైబర్ నడుస్తుంది. మా ఆటోమేషన్ ప్లాట్‌ఫారాన్ని సర్వీస్ ఇన్వెంటరీతో (కస్టమర్ల కనెక్షన్ల చిట్టాతో) ఏపీఐల ద్వారా, అంటే ఒక సాఫ్ట్‌వేర్ మరోదానితో మాట్లాడే దారుల ద్వారా, కలిపే పనిని గుంటూరులోని ఒక చిన్న ఇంటిగ్రేషన్ సంస్థకు అప్పగించాం. ఈ సమీక్ష ఆ సేవ గురించే. సంస్థ పేరు రాయడం లేదు. జరిగిన పొరపాట్లలో మా వాటా కూడా తక్కువేమీ కాదు కనుక ఒక్కరి పేరే బయటపెట్టడం న్యాయం కాదనిపించింది.

పరికరాలు, పోర్టులు, ఐపీ చిరునామాల లెక్కంతా మా దగ్గర నెట్‌బాక్స్‌లో ఉంటుంది. డిజిటల్ ఓషన్‌లో పుట్టి 2016లో ఓపెన్ సోర్స్‌గా బయటికి వచ్చిన సాఫ్ట్‌వేర్ అది. పరికరాల మీద ఆదేశాలు నడిపేది యాన్సిబుల్. దానికి తెర, షెడ్యూలు, అనుమతులు సమకూర్చేది ఏడబ్ల్యూఎక్స్. ఏ కస్టమరుది ఏ ప్లాన్, ఏ వీలాన్ (నెట్‌వర్క్‌లో ఆ కనెక్షన్‌కు కేటాయించిన విడి దారి), ఇంట్లో పెట్టిన ఓఎన్‌యూ (ఫైబర్ వచ్చి చేరే పెట్టె) ఏది అన్నది మాత్రం బిల్లింగ్ పక్కనే నడిచే వేరే సర్వీస్ ఇన్వెంటరీలో ఉంటుంది. ఈ మూడింటినీ కలుపుతున్నది అప్పటిదాకా మా ఆపరేటర్ల వేళ్లే. ఒక తెర మీద చూసి మరో తెర మీద కొట్టేవారు. రోజుకు పది కనెక్షన్లు ఉన్నప్పుడు ఇబ్బంది తెలియలేదు.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం వైపు ఇళ్లు మునిగినప్పుడు ఆ ఇబ్బంది తెలిసింది. నీళ్లు తీసిన వెంటనే మా లైన్‌మన్లు తడిసిన ఓఎల్‌టీ (చాలా ఇళ్ల ఫైబర్ వచ్చి కలిసే మా వైపు పరికరం) కార్డులు మార్చి, బతికున్న పోర్టుల్లోకి కస్టమర్లను సర్దుకుంటూ పోయారు. "అన్నా, నాలుగో పోర్టు పోయింది, ఏడులో పెట్టాం, తర్వాత రాసుకోండి" అని ఫోన్లు వచ్చేవి. ఆ తర్వాత అనేది రాలేదు. కొన్ని నెలలకు ఇన్వెంటరీలో ఒకటి, స్తంభం మీద ఇంకొకటి అయ్యాయి. ఒక కస్టమరు ప్లాన్ మారిస్తే పక్కింటివారి స్పీడు మారిన సంఘటన కూడా జరిగాక, యాజమాన్యం ఈ కలుపుడు పనికి డబ్బు ఇవ్వడానికి ఒప్పుకుంది.

గుంటూరు సంస్థవారు మొదటి సమావేశంలోనే ఒక మంచి పని చేశారు. సర్వీస్ ఇన్వెంటరీ వేరు, రిసోర్స్ ఇన్వెంటరీ వేరు అని బోర్డు మీద గీసి చూపారు. రాక్‌లో ఉన్న పెట్టె, దాని పోర్టు, దాని ఐపీ రిసోర్సులు. కస్టమరు డబ్బు కడుతున్న 100 ఎంబీపీఎస్ కనెక్షన్ సర్వీసు. టెలికాం రంగానికి ప్రమాణాలు రూపొందించే టీఎం ఫోరం ఈ రెండింటికీ వేర్వేరు ఏపీఐలను నిర్వచించింది: సర్వీసులకు టీఎంఎఫ్ 638, రిసోర్సులకు టీఎంఎఫ్ 639. మా సొంత ఇన్వెంటరీ ఆ ప్రమాణానికి అచ్చంగా సరిపోదు, కాని దాని ఆకారంలోనే ఒక పలుచని ఏపీఐ పొర కట్టి ముందు పెట్టారు. రేపు ఇన్వెంటరీ సాఫ్ట్‌వేర్ మార్చినా ఆటోమేషన్ వైపు ప్లేబుక్కులు (యాన్సిబుల్ నడిపే ఆదేశాల ఫైళ్లు) ముట్టుకోనక్కర్లేదు. ఈ నిర్ణయానికి పూర్తి మార్కులు ఇస్తాను.

చదివే సగం, అంటే ఇన్వెంటరీలో ఉన్నది ఆటోమేషన్ తీసుకుని వాడుకునే సగం, బాగా చేశారు. నెట్‌బాక్స్ నుంచి పరికరాల జాబితాను యాన్సిబుల్‌కు అందించే ప్లగిన్ సిద్ధంగానే దొరుకుతుంది కనుక అందులో వారి గొప్ప ఏమీ లేదు. గొప్ప అంతా ఓఎన్‌యూ సీరియల్ నంబర్ల దగ్గర కనిపించింది. జీపాన్ (ఒకే ఫైబర్‌ను చాలా ఇళ్లకు పంచే పద్ధతి) ఓఎన్‌యూ సీరియల్‌లో 12 అక్షరాలు ఉంటాయి: మొదటి నాలుగు తయారీదారు కోడ్, మిగిలిన ఎనిమిది హెక్సా అంకెలు (0 నుంచి 9, A నుంచి F). మా సర్వీస్ ఇన్వెంటరీలో స్టిక్కరు మీద ఉన్నట్టే 12 అక్షరాలు కొట్టి ఉన్నాయి. మా ఓఎల్‌టీల్లో ఒక రకం మాత్రం ఆ మొదటి నాలుగు అక్షరాలనూ హెక్సాలోకి మార్చి, మొత్తం 16 అంకెలుగా చూపుతుంది. రెండింటినీ నేరుగా పోలిస్తే ఒక్క కస్టమరు కూడా దొరకడు. వచ్చిన ఇద్దరు కుర్రవాళ్లలో చిన్నవాడు మా రాక్ రూములో నేల మీద కూర్చుని, ఒక ఓఎన్‌యూను తిరగేసి స్టిక్కరు చూస్తూ, తెర మీది 16 అంకెల్లో మొదటి ఎనిమిదిని రెండేసి చొప్పున వేలితో విడదీసి, "సార్, ఇవి అంకెలు కావు, అక్షరాలు" అన్నాడు. ఆ సాయంత్రానికి అన్ని సీరియళ్లూ ఒకే రూపంలోకి వచ్చే చిన్న ఫంక్షన్ తయారైంది. ఏళ్ల తరబడి ఆ తెర చూస్తున్న మాకు ఎవరికీ తట్టని విషయం అది.

మొదటి ట్రయల్ రిపోర్టు మాత్రం నవ్వు తెప్పించింది. విజయవాడ మొత్తానికి మా దగ్గర ఉన్న పరికరాలు సరిగ్గా 50 అని తేల్చింది. నెట్‌బాక్స్ ఏపీఐ మామూలుగా ఒక పేజీకి 50 రికార్డులే ఇస్తుంది. మిగిలినవాటికి దారి జవాబులోనే తర్వాతి పేజీ చిరునామాగా ఉంటుంది. వీరి సొంత స్క్రిప్టు ఆ చిరునామాను చూడకుండా మొదటి పేజీతోనే తృప్తి పడింది. తప్పును పది నిమిషాల్లో దిద్దారు. నాకు నచ్చింది ఆ తర్వాత చేసినది: జవాబులో వచ్చే మొత్తం సంఖ్యకూ, తాము కూడబెట్టిన రికార్డుల సంఖ్యకూ తేడా ఉంటే పని అక్కడే ఆగిపోవాలని షరతు పెట్టారు. ఇన్వెంటరీలో లేనివాటిని తొలగించే ప్లేబుక్ ఆ 50తో నడిచి ఉంటే ఆ రోజు మా ఫోన్ల గతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

మరో పొరపాటు మాది. ఏడబ్ల్యూఎక్స్‌లో జాబ్ టెంప్లేట్‌ను (ఒక పనికి ముందే సిద్ధం చేసిన నమూనాను) ఏపీఐ ద్వారా నడిపేటప్పుడు కస్టమరు వీలాన్, పోర్టు వంటివి వేరియబుళ్లుగా, అంటే ప్రతిసారీ మారే విలువలుగా, పంపుతాం. నడిపే సమయంలో వేరియబుళ్లను అడగాలన్న గడి టెంప్లేట్‌లో టిక్కు పెట్టి ఉంటేనే అవి చెల్లుతాయి. లేకపోతే ఏడబ్ల్యూఎక్స్ వాటిని పక్కన పెట్టి, పక్కన పెట్టినట్టు జవాబులో ఒక మూల చెప్పి, జాబ్‌ను మాత్రం నడిపేస్తుంది. ఆ టిక్కు పెట్టవలసింది మేము. జాబ్ పచ్చగా ముగిసింది. కనెక్షన్ మాత్రం టెంప్లేట్‌లో పాతదిగా పడి ఉన్న వీలాన్‌తో తయారైంది. అప్పటి నుంచి ఆ మూలను చదివి, ఏదైనా పక్కన పడితే జాబ్‌ను రద్దు చేసే రెండు పంక్తులు చేర్చారు. ఏపీఐ అబద్ధం చెప్పదు, కాని నిజాన్ని చాలా నెమ్మదిగా చెప్పే సందర్భాలు ఉంటాయి.

ఇక రాసే సగానికి వస్తే నా అసంతృప్తి అంతా ఇక్కడే ఉంది. ఒప్పందంలో రెండు వైపులా అనుసంధానం అని స్పష్టంగా ఉంది. అంటే నెట్‌వర్క్ మీద ఏమి మారిందో ఆటోమేషనే తిరిగి ఇన్వెంటరీలో నమోదు చేయాలి. బుడమేరు తర్వాత మాకు పట్టిన జబ్బుకు అసలు మందు అదే. మాకు మొదట అందిన రూపంలో మాత్రం జాబ్ మొదలు కాగానే సర్వీసు స్థితిని యాక్టివ్ అని రాసేస్తున్నారు. ఏడబ్ల్యూఎక్స్ 201 అన్న కోడ్‌తో జవాబిస్తే జాబ్ వరుసలో నిలబడిందని మాత్రమే అర్థం. అది తర్వాత విఫలం కావచ్చు, మధ్యలో ఆగవచ్చు. వీరు 201ను పని ముగిసినట్టు లెక్క వేశారు. కృష్ణలంకలో ఒక పెద్దాయనకు ఓఎన్‌యూ ఎర్ర దీపంతో మెరుస్తూనే ఉండగా బిల్లింగ్ మొదలై మెసేజ్ వెళ్లింది. ఆయన ఆఫీసుకు వచ్చి, "బాబూ, బిల్లు వచ్చిన దారిలోనే నెట్ కూడా పంపించవచ్చుగా" అన్నారు. క్షమాపణ చెప్పి ఆ నెల బిల్లు తీసివేశాం.

దీన్ని దిద్దడానికి మూడు వారాలు పట్టింది. మొదట జాబ్ స్థితిని అడుగుతూ, అది సక్సెస్‌ఫుల్ అని తేలేదాకా ఆగడం చేర్చారు. అదీ చాలదు, కమాండ్ ఎక్కినంత మాత్రాన వెలుగు చేరినట్టు కాదు. మేము పట్టుబట్టాక, జాబ్ ముగిశాక ఓఎల్‌టీనే మళ్లీ అడిగి, ఓఎన్‌యూ ఆన్‌లైన్‌లో ఉందని, ఏ పోర్టు మీద ఉందో చెప్పించుకుని, ఆ చెప్పినదాన్నే ఇన్వెంటరీలో రాసే పద్ధతి పెట్టారు. తాను పంపినదాన్ని కాక, పరికరం చెప్పినదాన్ని రాయాలన్న ఈ చిన్న తేడా వారికి ముందే తెలిసి ఉండవలసింది. నెట్‌వర్క్ సర్వీస్ ఎలా తయారవుతుందో చూసినవారు, వెబ్ అప్లికేషన్లు మాత్రమే కట్టినవారు ఒకే ఏపీఐని ఒకే తీరున చదవరని ఇక్కడ అర్థమైంది.

టైమవుట్ల విషయంలోనూ ఇదే అలసత్వం. ఇన్వెంటరీ జవాబు ఆలస్యమైతే స్క్రిప్టు మళ్లీ కొత్త రికార్డు సృష్టించమని అడిగేది. మొదటి విన్నపం నిజానికి చేరిపోయి ఉంటుంది కనుక ఒకే ఇంటికి రెండు సర్వీసులు తయారయ్యేవి. యాన్సిబుల్ ప్లేబుక్‌ను జాగ్రత్తగా రాస్తే రెండుసార్లు నడిపినా పరికరం మీద మార్పు ఒక్కసారే జరుగుతుంది. ఆ ధీమాతో ఇన్వెంటరీ వైపు కూడా అలాగే ఉంటుందనుకున్నారు. ఇప్పుడు ప్రతి ఆర్డరుకూ ఒక సంఖ్య ఇచ్చి, ఆ సంఖ్య ఉందేమో చూసుకున్నాకే కొత్తది సృష్టిస్తున్నారు.

రికార్డులోని ఏ ఫీల్డులో (గడిలో) ఎవరి మాట చెల్లాలన్న చర్చను వారు అసలు మొదలే పెట్టలేదు. ప్లాన్ ఏమిటో బిల్లింగ్ చెప్పాలి, పోర్టు ఏదో పరికరం చెప్పాలి, ఇంటి చిరునామా ఫీల్డ్ సిబ్బంది చెప్పాలి. రెండు చోట్ల తేడా కనిపించినప్పుడు ఎవరిది దిద్దాలో తెలియకపోతే రెండు సిస్టమ్‌లు ఒకదాన్నొకటి రాత్రంతా దిద్దుకుంటూ కూర్చుంటాయి. మా దగ్గర ఒక రాత్రి నిజంగానే అలా కూర్చున్నాయి. చివరికి మా బిల్లింగ్ మేడమ్ గారు, నేను, సీనియర్ లైన్‌మన్ కలిసి రెండు రోజుల పాటు ఒక్కొక్క ఫీల్డూ తీసుకుని కాగితం మీద రాశాం. బకాయి పడి ఆపిన కనెక్షన్ల దగ్గర ఎక్కువ వాదన జరిగింది. టీఎంఎఫ్ 638 నాలుగో వెర్షన్‌లోని స్థితుల్లో యాక్టివ్, ఇనాక్టివ్, టెర్మినేటెడ్ ఉన్నాయి కాని తాత్కాలికంగా ఆపినవారికి ప్రత్యేక స్థితి లేదు. ఇనాక్టివ్ అని రాసి, కారణం వేరే ఫీల్డులో పెట్టాలని, ఆ స్థితిలో ఉన్నవారి పోర్టును ఎవరికీ ఇవ్వకూడదని తేల్చుకున్నాం. ఆ కాగితం ఇప్పటికీ రాక్ రూము తలుపుకు అతికించి ఉంది. డబ్బు తీసుకున్నవారు చేయవలసిన పని అది.

భద్రత విషయంలో మధ్యస్థం. ఏపీఐ టోకెన్‌ను (లోపలికి రానిచ్చే రహస్య సంకేతాన్ని) నేరుగా ప్లేబుక్‌లో రాసి పెట్టారు. అడిగాక రహస్యాలు దాచే ఏడబ్ల్యూఎక్స్ క్రెడెన్షియల్‌లోకి మార్చారు, చదవడానికి ఒకటి, రాయడానికి ఒకటి వేర్వేరు టోకెన్లు చేశారు. నెట్‌బాక్స్ వెబ్‌హుక్‌కు (మార్పు జరగగానే తానే కబురు పంపే ఏర్పాటుకు) రహస్య కీ ఇస్తే ప్రతి సందేశంతో ఒక సంతకం వస్తుంది. దాన్ని సరిచూడకుండానే సందేశాలు స్వీకరించేవారు, అదీ మేము చెప్పాకే దిద్దారు. సమయాల లెక్కలో ఇంకో తమాషా జరిగింది. రికార్డులన్నీ యూటీసీలో (మన సమయం కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ సమయంలో) పడటం వల్ల ఒకటో తారీఖు రాత్రి 12:30కి వెలిగిన కనెక్షన్ ముందు నెల చివరి రోజు సాయంత్రం 7:00కి వెలిగినట్టు బిల్లింగ్‌కు చేరింది. డాక్యుమెంటేషన్ తెలుగులో అడిగితే సంతోషంగా రాసిచ్చారు, అది మా లైన్‌మన్లకు బాగా ఉపయోగపడుతోంది. ఫోన్ ఎత్తడంలో ఏనాడూ ఆలస్యం లేదు. ఆరు వారాలన్న పని పదకొండు వారాలు సాగింది.

మీకు ఇప్పటికే సరైన ఇన్వెంటరీ ఉండి, దాని నుంచి ఆటోమేషన్‌కు సమాచారం అందితే చాలనుకుంటే ఇలాంటి చిన్న సంస్థను నిశ్చింతగా పిలవవచ్చు. ఇన్వెంటరీనే నెట్‌వర్క్‌తో సరిచేసుకోవాలనుకుంటే మాత్రం మీ వైపు నుంచి నెట్‌వర్క్ తెలిసిన మనిషి ఒకరు పూర్తికాలం వారి పక్కన కూర్చోవాలి, ఆ ఖర్చును కూడా పని విలువలో కలిపి చూసుకోవాలి. ఐదులో మూడున్నర ఇస్తున్నాను. ఆ అరను సీరియల్ నంబరు విడదీసిన కుర్రవాడి కోసం వేశాను.

ఇప్పుడు ప్రతి రాత్రి 2 గంటలకు ఓఎల్‌టీలు చెప్పేదానికీ, ఇన్వెంటరీలో ఉన్నదానికీ తేడాల జాబితా వస్తుంది. సింగ్ నగర్ పేరు అందులో కనిపించడం మానేసింది. గుంటూరులో ఒక పాత ఓఎల్‌టీకి నెట్‌కాన్ఫ్ (పరికరాన్ని సాఫ్ట్‌వేర్ ద్వారా అమర్చే ప్రమాణం) గాని, ఏ రకమైన ఏపీఐ గాని లేకపోవడంతో అది ఇంకా చేతి రాతలోనే ఉంది. దాన్ని కూడా కలిపే రెండో విడత పనికి మళ్లీ అదే సంస్థను పిలిచాం. ఓఎన్‌యూ ఆన్‌లైన్‌లోకి వచ్చిందని ఓఎల్‌టీ చెప్పేదాకా సర్వీస్ రికార్డును ముట్టుకోకూడదన్న వాక్యాన్ని ఈసారి ఒప్పందంలో మొదటి షరతుగా రాయించాం.