చెయ్యేటి వెంబడి ఆర్టీసీ బస్సుల్లో ఒంటరిగా: కడప నుంచి రాజంపేట దాకా

కడపలో తిరుపతి బస్సెక్కితే గంటన్నరకు కాస్త అటూ ఇటూగా రాజంపేట వచ్చేస్తుంది. దారిలో ఒంటిమిట్ట గోపురానికి కిటికీలోంచే దండం పెట్టుకుని మళ్లీ కునుకు తీసేవాళ్లే ఎక్కువ. 2021 నవంబరు 19 తెల్లవారుజామున అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు నది ఊళ్ల మీద పడింది ఈ దారి పక్కనే. ఇప్పుడు రోడ్డు బాగుంది, గుళ్లలో పూజలు నడుస్తున్నాయి, గదులు దొరుకుతాయి. నది ఒడ్డు పల్లెలు మాత్రం ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. ఈ రెండూ తెలిసి బయల్దేరితే ఒంటరిగా బస్సుల్లో తిరగడానికి కడప జిల్లా వైపు ఇంతకన్నా మంచి దారి లేదు.

తిరుపతిలో గది తీసుకుని ఒక్క పూటలో చుట్టి వచ్చే పద్ధతి మాత్రం ఇక్కడ పనికిరాదు. రెండు రాత్రులైనా పెట్టుకోవాలి, అందులో ఒకటి తప్పకుండా రాజంపేటలో ఉండాలి. పల్లెలకు పోయే బస్సులు పొద్దున్నే పోతాయి, తిరుపతి నుంచి వచ్చేవాళ్లకు అవి అందవు. పైగా దెబ్బతిన్న ప్రాంతానికి వెళ్లినప్పుడు మన డబ్బు అక్కడి మెస్సుకూ ఆటోకూ పండ్ల బండికీ చేరితేనే ఆ ప్రయాణానికి విలువ.

అసలు ఏం జరిగిందో తెలియకుండా వెళ్తే అక్కడ కనిపించేది ఏమీ అర్థం కాదు. చెయ్యేటి మీద బాదనగడ్డ దగ్గర కట్టిన అన్నమయ్య ప్రాజెక్టు నిల్వ సామర్థ్యం 2.24 టీఎంసీలు. నీళ్లు కిందికి వదిలే ఐదు గేట్ల స్పిల్‌వే ఒక పక్క, మిగతా పొడవంతా మట్టికట్ట. స్పిల్‌వే వదలగలిగేది 2.17 లక్షల క్యూసెక్కులు. ఆ రాత్రి వచ్చింది మూడు లక్షలు దాటింది. ఎగువన పింఛా ప్రాజెక్టు కట్ట ముందే తెగడంతో ఆ నీళ్లూ వచ్చి కలిశాయి, ఇక్కడేమో ఒక గేటు లేవలేదు. కాంక్రీటు డ్యామ్ మీదుగా నీళ్లు పొర్లినా కొంతసేపు తట్టుకుంటుంది. మట్టికట్ట మీదుగా పొర్లితే కింది వాలు మట్టిని కోసుకుంటూ పోయి నిమిషాల్లో గండి పడుతుంది. అందుకే కాంక్రీటు గేట్ల భాగం నిలబడింది, మట్టికట్ట కొట్టుకుపోయింది. రాజంపేట మండలంలో పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట, గుండ్లూరు ఎక్కువ దెబ్బతిన్నాయి. ఆ రోజు కార్తీక పౌర్ణమి. ఆర్టీసీ బస్సులు కూడా నీళ్లలో చిక్కుకున్నాయి, ప్రయాణికులు బస్సు టాపు మీదికెక్కారు. రాజంపేట, నందలూరు మధ్య రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి చెన్నై–ముంబై లైనులో రైళ్లు ఆగిపోయాయి.

ఇక బస్సుల సంగతి. కడప బస్టాండులో తిరుపతి బోర్డు చూడగానే ఎక్కేయకూడదు. రాయచోటి మీదుగా పోయేవీ ఉంటాయి, అది పూర్తిగా వేరే దారి. "అన్నా, రాజంపేట మీదనేనా?" అని కండక్టర్ని అడిగి ఎక్కాలి. సూపర్ లగ్జరీలో సీటు మెత్తగా ఉంటుంది గానీ ఒంటిమిట్టలోనో నందలూరులోనో ఆపుతారన్న నమ్మకం లేదు. ఆపినా టికెట్టు రాజంపేట దాకా కొట్టే అవకాశం ఉంది. ఈ ప్రయాణానికి ఎక్స్‌ప్రెస్ సరైనది. దిగి ఎక్కి దిగే పని ఉన్న రోజు పల్లెవెలుగే మేలు. నెమ్మదిగా పోతుంది, ప్రతి ఊరి దగ్గరా ఆగుతుంది, ఎక్కడ ఎవరు దిగుతున్నారో చూస్తే ఏ ఊరు ఎటుందో పటం లేకుండానే తెలిసిపోతుంది. ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో టికెట్టుకు డబ్బు కట్టక్కర్లేదు. కానీ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి సున్నా టికెట్టు తీసుకోవాలి. అది లేకుండా కూర్చుంటే చెకింగ్‌లో ఇబ్బంది. నాన్‌స్టాప్ సర్వీసులకు ఇది వర్తించదు. ఎక్స్‌ప్రెస్ లాగే కనిపించే బస్సు మీద నాన్‌స్టాప్ అని చిన్న బోర్డు ఉండొచ్చు, చూసుకోవాలి. పల్లెవెలుగులో ఫోన్ చెల్లింపు ప్రతిసారీ కుదరదు, పది, ఇరవై నోట్లు జేబులో ఉంచుకోవాలి. ఐదొందల నోటిస్తే చిల్లర టికెట్టు వెనకాల రాసిస్తారు, దిగేటప్పుడు అది అడిగి తీసుకోవడం మర్చిపోయేవాళ్లు చాలామంది.

కడప నుంచి పాతిక కిలోమీటర్ల పైచిలుకు పోతే ఒంటిమిట్ట. గర్భగుడిలో సీతారామలక్ష్మణులు ఒకే శిలలో ఉంటారు, హనుమంతుడు ఉండడు. హనుమంతుడికి గుడి ఎదురుగా సంజీవరాయ ఆలయం ఉంది. శ్రీరామనవమి ఉత్సవాల్లో ఇక్కడ కల్యాణం రాత్రిపూట వెన్నెల్లో చేస్తారు. ఆ వారం ఒంటరి ప్రయాణికుడికి ఈ దారిలో గది దొరకడం కష్టం, బస్సులు కూడా మళ్లిస్తారు. మామూలు రోజుల్లో గంటన్నర చాలు. రాత్రి ఉండాల్సిన అవసరం లేదు. దేవస్థానం వసతి తక్కువ, ఒంటరిగా వచ్చినవాళ్ల కన్నా కుటుంబాలకే ముందు ఇస్తారు.

నందలూరు దగ్గర మాత్రం తొందర పడకూడదు. సౌమ్యనాథస్వామి గుడి చెయ్యేటి ఒడ్డునే ఉంది. చోళుల కాలం నాటి కట్టడం, విశాలమైన ప్రాకారం, రోజూ వచ్చే జనం తక్కువ. కోరిక ఉన్నవాళ్లు తొమ్మిది ప్రదక్షిణలు చేసి మొక్కుకుంటారు, తీరాక వచ్చి నూటెనిమిది చేస్తారు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ బండల మీద కాళ్లు కాలిపోతాయి. నూటెనిమిది మొక్కు ఉన్నవాళ్లు పొద్దున్నే మొదలుపెట్టడం అందుకే. లోపల పైకప్పు రాతిలో ఒక చేప చెక్కి ఉంటుంది. జలప్రళయం వచ్చి నీళ్లు అక్కడిదాకా చేరినప్పుడు ఆ చేపకు ప్రాణం వచ్చి ఈదుకుంటూ పోతుందని ఊరివాళ్లు చెప్పుకుంటారు. మెడ పైకెత్తి ఆ చేపను చూసి, తర్వాత బయటికొచ్చి ఇసుకతో నిండిన ఏటిని చూడండి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండి ఉండే నది ఇది. ఈశాన్య రుతుపవనాల్లో, బంగాళాఖాతంలో వాయుగుండం పట్టినప్పుడు మాత్రం ఒక్క రాత్రిలో ఒడ్డులు మింగుతుంది. చిన్న గుళ్లు మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి పొద్దున పదిలోపు నందలూరులో దిగేలా చూసుకోవాలి. బస్సెక్కేటప్పుడే ఊళ్లోకి పోతుందా, మెయిన్ రోడ్డు మీద దింపేస్తుందా అని అడగాలి. రోడ్డు మీద దింపితే ఆటో ఎక్కాలి. ఇక్కడి రైల్వే స్టేషన్ ఒకప్పుడు ఆవిరి ఇంజన్ల షెడ్డుతో కళకళలాడేది. ఇప్పుడు కడపకూ రాజంపేటకూ మధ్య రైలు వేళ కలిస్తే అదీ మంచి మార్గమే, బస్సు కన్నా చవక.

నందలూరు దాటి రాజంపేటకు పోతుంటే బస్సు చెయ్యేటి వంతెన ఎక్కుతుంది. ఇక్కడ నిద్రపోకండి.

రాజంపేటలో బస గురించి కాస్త వివరంగా చెప్పాలి. పెద్ద హోటళ్లు లేవు. బస్టాండు చుట్టుపక్కల, మెయిన్ రోడ్డు మీద మామూలు లాడ్జీలు ఉన్నాయి. ఏసీ వద్దనుకుంటే వెయ్యి లోపు గది దొరుకుతుంది. ఒంటరి మనిషికి గది ఇవ్వడానికి కొందరు మేనేజర్లు వెనకాడతారు. అది మన మీద అనుమానం కాదు, పోలీసు రిజిస్టరు భయం. ఆధార్ అసలు కార్డు, ఎక్కడి నుంచి వచ్చారు, ఏ పని మీద వచ్చారు అన్నదానికి సూటి సమాధానం ఉంటే చాలు. "తాళ్లపాక, నందలూరు గుళ్లు చూడటానికి" అంటే ఎవరూ మళ్లీ అడగరు. డబ్బు కట్టే ముందు గదిలోకి వెళ్లి మూడు చూడండి: కుళాయి తిప్పి నీళ్లు ఏ ఒత్తిడితో వస్తున్నాయో, కిటికీకి దోమతెర ఉందో లేదో, తలుపు లోపలి గడియ గట్టిగా పడుతుందో లేదో. బస్టాండు వైపు కిటికీ ఉన్న గది వద్దు, తెల్లవార్లూ హారన్ల మోతే. ఆడవాళ్లు ఒంటరిగా వస్తే మొదటి రాత్రి కడపలో ఏడు రోడ్ల దగ్గరో, ఆర్టీసీ బస్టాండు దగ్గరో రిసెప్షన్‌లో రాత్రంతా మనిషి ఉండే హోటల్ తీసుకుని, రెండో రోజు చీకటి పడకముందే రాజంపేట చేరడం మంచిది. కడపలో గదులు మెరుగ్గా ఉంటాయి, ఖర్చూ ఎక్కువే. సౌకర్యమే ముఖ్యమనుకుంటే కడప. పల్లెలు చూడాలనుకుంటే రాజంపేట.

తిండికి ఇబ్బంది లేదు. పొద్దున టిఫిన్ బండి దగ్గర ఎర్రకారం దోశ, గుంత పొంగణాలు, చెనిక్కాయల చట్నీ. మధ్యాహ్నం మెస్సులో సంగటి అడగండి. ఒంటిగంట దాటితే అయిపోతుంది. కారం అలవాటు లేనివాళ్లు ముందే చెప్పాలి, "కారం తక్కువ" అన్నా ఇక్కడి లెక్కలో అది ఎక్కువే. బోరు నీళ్లు ఉప్పగా తగలొచ్చు, ఫిల్టర్ నీళ్ల సీసా నింపుకోండి.

వరద ఊళ్లకు రాజంపేట నుంచి ఆటోలు ఉన్నాయి, కొన్నిటికి పల్లెవెలుగు బస్సులూ పోతాయి. బస్సు దిగగానే అడగాల్సిన మొదటి మాట తిరుగు బస్సు ఎప్పుడని. అది పోతే సాయంత్రం దాకా ఇంకోటి ఉండకపోవచ్చు. ఆటో అయితే రెండు ఊళ్లు, డ్యామ్, తిరుగు ప్రయాణం, ఆగే సమయం అన్నీ కలిపి ముందే బేరం కుదుర్చుకోవాలి. "పోను" ధర మాత్రమే మాట్లాడి, అక్కడ నిలబెట్టాక "రాను" ధర రెట్టింపు చెప్పడం ఈ దారిలో మామూలుగా వచ్చే తగాదా. గుంపుగా పోయే ఆటో ఎక్కితే చవకే గానీ మధ్యలో దింపేసే చోట నీడ ఉండదు.

ఊళ్లోకి కెమెరా పట్టుకుని దిగకూడదు. "యా ఊరు నాయనా మీది?" అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు. ఊరి పేరు చెప్పి, అరుగు మీద కూర్చుని, వాళ్లు చెప్పినంత వినాలి. పోయినవాళ్ల సంగతి మనం ముందుగా ఎత్తకూడదు. వాళ్లు ఎత్తితే మాట మార్చకూడదు. ఇళ్ల ఫొటోలకు అనుమతి అడగాలి, కూలిన ఇంటి ముందు సెల్ఫీ అసలే వద్దు. నిలువెత్తు మనిషిని ముంచిన నీళ్లు ఆ గోడలను తాకి పోయాయి. డబ్బు చేతిలో పెట్టి రావడం కన్నా ఊరి అంగట్లో కొనడం, పొలం దగ్గర అరటి గెలో నిమ్మకాయలో ఉంటే అడిగిన ధరకే తీసుకోవడం మర్యాద. ఊరి గుడిలో హుండీ ఉంటే అందులో వేయండి.

పొలాల్లో చూడాల్సింది ఇసుక మేట. వరద ఇసుక వేసిపోయిన చేలో బోరు మోటారు, స్టార్టరు పెట్టె, డ్రిప్ పైపులు అన్నీ కింద పూడిపోతాయి. ఇసుక తీయాలంటే జేసీబీ, ట్రాక్టర్లు కావాలి. తీసిన ఇసుక ఎక్కడ పోయాలన్నది ఇంకో సమస్య. తీసినా సారవంతమైన పైమట్టి ముందే కొట్టుకుపోయి ఉంటుంది. ఒక మడిలో అరటి పచ్చగా, గట్టు అవతలి మడి బీడుగా కనిపిస్తే కారణం ఎక్కువగా ఇదే. పునరావాస కాలనీ ఇళ్ల కన్నా ముందు ఈ పొలాలు తేరుకోవాలి, ఎందుకంటే ఇల్లు వచ్చినా పని లేకపోతే మనిషి బెంగళూరుకో కువైట్‌కో పోవాల్సిందే.

బాదనగడ్డ దగ్గర గేట్ల భాగానికి ఎక్కడానికి కాపలావాళ్లు వద్దంటే వాదించకండి, ఒడ్డు నుంచే చూసినా విషయం అర్థమవుతుంది. తెగిన కట్ట అంచున నిలబడకూడదు, అడుగున మట్టి గుల్లబారి ఉంటుంది. నీడ, అంగడి ఏవీ ఉండవు, రెండు లీటర్ల నీళ్లు పట్టుకుపోండి. సిగ్నల్ తడబడుతుంది, ఆటో అన్నను పంపేయకుండా అక్కడే ఆగమనాలి.

అదే రోజు సాయంత్రం అత్తిరాల పెట్టుకోవచ్చు. ఏటి ఒడ్డున పరశురాముడి కథతో ముడిపడిన క్షేత్రం, రాజంపేటకు దగ్గరే. శివరాత్రికి కిక్కిరిసిపోతుంది, మిగతా రోజుల్లో ప్రశాంతం. ఏట్లో నీళ్లుంటే స్నానానికి దిగేముందు అక్కడివాళ్లను అడగండి, ఇసుక తవ్విన చోట్ల గుంతలు పైకి కనిపించవు. తాళ్లపాక దారిలో రోడ్డు పక్కన 108 అడుగుల అన్నమయ్య విగ్రహం ఎటూ కనిపిస్తుంది. అక్కడ ఫొటో తీసుకుని వెళ్లిపోయేవాళ్లు ఊళ్లోని చెన్నకేశవ ఆలయం వదిలేస్తారు, నిజానికి చూడాల్సింది అదే.

కాలం విషయంలో రాజీ వద్దు. జనవరి, ఫిబ్రవరి మంచివి. ఏప్రిల్, మే నెలల్లో ఎండకు బస్సులో కూర్చోవడమే శిక్ష. అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య వాయుగుండం కబురు ఉంటే ప్రయాణం వాయిదా వేయాలి. 2021 నవంబరులోనే కమలాపురం దగ్గర పాపాగ్ని వంతెన కూలి, కడప నుంచి అటువైపు పోయే బస్సులు చుట్టూ తిరగాల్సి వచ్చింది. ఆ నెలల్లో వెళ్లక తప్పకపోతే తిరుగు టికెట్టు ముందే కొనకండి, నది ఒడ్డున గది తీసుకోకండి, రాత్రి బస్సు కన్నా పగటి బస్సే ఎక్కండి.

తిరుగు ప్రయాణం తిరుపతి వైపు అయితే రాజంపేట నుంచి రైల్వేకోడూరు మీదుగా పోవాలి. కోడూరులో దిగితే బొప్పాయి, అరటి తోట ధరకే దొరుకుతాయి, మామిడి కాలమైతే మామిడి. అక్కణ్నుంచి కుక్కలదొడ్డి, మామండూరు అడవి దారి. సాయంత్రం నాలుగులోపు రాజంపేటలో బస్సెక్కితే ఆ అడవి వెలుతురు ఉండగానే దాటిపోతారు.