మృగం అని పిలిచి దయ్యాన్ని చూపించిన సినిమా: అయిదుసార్లు చూశాక నా మాట

సినిమా పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాస్తే అందులో మృగం లేదని కూడా చెప్పేసినట్టే అవుతుంది, ఇంకా చూడనివాళ్లకి ఆ మొదటి ముప్పావుగంటని పాడుచేయడం నాకు ఇష్టం లేదు. విదేశీ సినిమా, తెలుగు డబ్బింగ్. పోస్టర్ మీద గొర్రెల కొట్టం తలుపుకి గోళ్ల చారలు, వెనక చీకట్లో రెండు కళ్లు. చూసినవాళ్లకి ఈపాటికే ఏదో తెలిసిపోయుంటుంది.

మొదటిసారి తిరుపతిలో సెకండ్ షోకి మా చిన్నాయన కొడుకుతో వెళ్లాను. ఓటీటీలోకి వచ్చాక ఇంట్లో నాలుగుసార్లు చూశాను. మొత్తం మూడేళ్లలో అయిదుసార్లు. నచ్చని సినిమాని ఇన్నిసార్లు ఎందుకు చూస్తావని మా ఇంట్లో అడిగారు. మొదటి సగం అంత బాగా తీశారు కాబట్టే చూశాను, రెండో సగంలో ఎక్కడ తప్పు జరిగిందో పట్టుకోవాలని కూడా చూశాను.

మాది పలమనేరు దగ్గర పల్లె. 1980ల్లో పక్క రాష్ట్రాల నుంచి ఏనుగులు మా అడవుల్లోకి వచ్చాయి, 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది, నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నది రాత్రి కాపలాలు, డప్పులు, టపాసులు. అక్కడ పెరిగినవాళ్లకి ఒక సంగతి తెలుసు. ఏనుగు వచ్చిన రాత్రి దాన్ని ఎవరూ సరిగ్గా చూడరు, తెల్లారాక అది వదిలిపోయినవే చూస్తారు. విరిగిన అరటిచెట్లు, తొక్కేసిన టమాటా మడి, పక్కకి వంగిన బోరు పైపు, గట్టు మీద లద్దె. మా నాయన ఆ లద్దెని కట్టెపుల్లతో విరిచి చూసి, ఇంకా వేడిగా ఉంది, దగ్గర్లోనే ఉన్నట్టుంది, పిల్లల్ని బయటికి పంపొద్దు అనేవాడు. భయమంటే నాకు అదే, కళ్లతో చూడనిదాన్ని గుర్తుల్ని బట్టి కొలుచుకోవడం.

సినిమా మొదటి సగం సరిగ్గా అట్లాగే నడుస్తుంది. కొండ కింద చిన్న ఊరు, గొర్రెలు చస్తుంటాయి, వాగు పక్కన బురదలో అడుగులు, చెట్టు బెరడు మీద మనిషి తలకంటే పైన గీతలు. ఒక ముసలి వేటగాడు మోకాళ్ల మీద కూర్చుని ఆ అడుగులో అరచెయ్యి పెట్టి చూసే సీన్‌లో సంగీతం కూడా ఆపేశారు, థియేటర్‌లో ఒక్కరు కూడా దగ్గలేదు. మృగాన్ని చూపించలేదని నా ఫిర్యాదు కానేకాదు. 1975లో వచ్చిన జాస్‌లో షూటింగ్ కోసం చేసిన యంత్రం షార్క్ ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయిస్తే, దాన్ని దాచిపెట్టి నీళ్లతోనే భయపెట్టారు. దాచడం తప్పు కాదు, దాచినదాన్ని చివరికి చేతికివ్వాలి.

ఇక్కడ అది జరగలేదు. ఇంటర్వెల్ తర్వాత కొంచెం సేపటికి వేటగాడి మనవరాలు నేల మీద పడి గిలగిలా కొట్టుకుంటుంది, గొంతు మారిపోతుంది, కళ్లు తెల్లబడతాయి, చర్చి నుంచి ఒకాయన పెట్టె పట్టుకుని వస్తాడు. అక్కడి నుంచి అంతా ఒకే గది, ఒకే మంచం. మృగం లేదట, ఇన్నాళ్లూ ఆ పిల్లని పట్టిన దయ్యమేనట. అరగంట ముందు ఊపిరి బిగబట్టి చూసిన నేను అక్కడి నుంచి వాచీ చూసుకోవడం మొదలుపెట్టాను, మా చిన్నాయన కొడుకైతే అన్నా, మనం వేరే సినిమాకి వచ్చామా అని అడిగాడు.

దయ్యం కథంటే నాకు చిన్నచూపు లేదు, తిరుపతిలో ఉంటూ ఆ మాట ఎట్లా అంటాను? ప్రతి ఏడాదీ మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర. ఊర్లో ఆడవాళ్లని చెరుస్తున్న పాలెగాణ్ణి వెతకడానికి అమ్మ రోజుకో వేషం కట్టిందని, దొర వేషంలో వాణ్ణి చంపిందని కథ. అందుకే బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి అని జనం రోజుకో వేషం కడతారు. రూపం మారడం మాకు కొత్త కాదు, కానీ అక్కడ ప్రతి వేషానికీ ఒక పని ఉంది, వాడు దాక్కున్నాడు కాబట్టి ఆమె మారువేషం కట్టింది. ఈ సినిమాలో దయ్యం మృగంలాగా ఎందుకు తిరిగింది? గొర్రెలు దానికెందుకు? నేను అయిదుసార్లు వెతికాను, ఒక్క మాట కూడా లేదు.

పూనకం వచ్చిన మనిషిని మా వైపు ముందు పట్టుకుని అడుగుతారు, ఎవరు తల్లీ నువ్వు, ఏం కావాలి నీకు అని. వేపాకు, నిమ్మకాయ, హారతి తర్వాత సంగతి. క్రైస్తవుల్లోనూ ఇంతే, 1614 నాటి రోమన్ కాథలిక్ పద్ధతిలోనే పూజారి ఆ దయ్యాన్ని నీ పేరేంటి, ఎప్పుడు వెళ్లిపోతావు అని అడగాలని ఉంది. ఆ ప్రశ్నల్లోనే టెన్షన్ అంతా ఉంటుంది, ఎందుకంటే జవాబు వస్తే దాని కోరిక, కోపం బయటపడతాయి. ఈ సినిమాలో ఆయన ఒక్కసారి కూడా ఏమీ అడగడు. నీళ్లు చల్లుతాడు, అరుస్తాడు, మంచం లేస్తుంది. దానికి తోడు డబ్బింగ్‌లో దయ్యానికి పౌరాణిక నాటకం గొంతు పెట్టారు. అంతవరకు ఇంట్లో మాటల్లాగా ఉన్న తెలుగు ఒక్కసారిగా ఓరీ మానవాధమా అంటే, ఆ పిల్ల మీద వచ్చిన జాలి కూడా పోయింది. ఆ పిల్లగా చేసిన అమ్మాయి మాత్రం ప్రాణం పెట్టి నటించింది, ఆమె పడ్డ కష్టం వృథా అయిందనే నా బాధ.

ఇంకో మాట కూడా చెప్పాలి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాపని చిరుత చంపేసింది. ఆ తర్వాత టీటీడీ నడిచేవాళ్లకి కర్రలు ఇచ్చింది, అడవిలో బోన్లు పెట్టారు. ఆ రోజుల్లో మెట్ల మీద గుంపులు గుంపులుగా, పిల్లల్ని మధ్యలో పెట్టుకుని వెళ్లినవాళ్లలో మా ఇంటివాళ్లు కూడా ఉన్నారు. మృగం భయానికి కర్ర, బోను, గుంపు ఉంటాయి, మనుషులు ఏదో ఒకటి చేస్తారు. సినిమాలో ఆ ఊరివాళ్లు కూడా మొదట్లో కంచెలు కడతారు, వంతులవారీగా కాపలా కాస్తారు, నాకు వాళ్లంతా తెలిసినవాళ్లలాగా అనిపించారు. దయ్యం రాగానే ఆ ఊరు మొత్తం మాయం. ఎవరూ కనిపించరు, ఎవరి పేరూ వినిపించదు.

మూడోసారి మా నాయనతో కలిసి చూశాను. ఆ బురదలో అడుగుల సీన్ దగ్గర ఆపమన్నాడు. "వెనక కాలు లోతుగా దిగింది చూడు, బరువున్న జంతువు, వాగు దాటి పైకి పోయింది" అన్నాడు. మంచం లేచే సీన్ వరకు ఓపిగ్గా చూసి, "అయితే ఆ అడుగులు ఎవరివిరా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు, ఆ పిల్ల బరువు ముప్పై కిలోలు కూడా ఉండదు.

చూడాలనుకునేవాళ్లు వంతెన మీద లాంతరు ఆరిపోయే సీన్ వరకు చూడండి, రాత్రిపూట, సౌండ్ పెంచుకుని చూడండి, అక్కడివరకు డబ్బుకి న్యాయం జరుగుతుంది. మొత్తం చూసినవాళ్లలో ఎవరికైనా ఆ అడుగుల సంగతి అర్థమైతే చెప్పండి, మా నాయన ఇప్పటికీ అడుగుతున్నాడు.