వెచ్చగానూ, అందంగానూ: టొరంటో చలిలో నా రెండు జతల బూట్లు

టొరంటో పక్కనే మిస్సిసాగాలో ఉంటాను. ఇంటి దగ్గర బస్సు, ఆ తర్వాత గో అనే లోకల్ ట్రైను, యూనియన్ స్టేషన్‌లో దిగి ఆఫీసుకు నడక. చలికాలానికి నా దగ్గర రెండు జతల బూట్లున్నాయి. రెండూ ఏళ్ల తరబడి వాడుతున్నవే. మొదటిది బరువైన జత: అడుగంతా రబ్బరు, పైన స్వెడ్ తోలు, లోపల విడిగా బయటికి తీయగలిగే ఉన్ని ఫెల్ట్ (ఉన్నిని ఒత్తి చేసిన మందపాటి గుడ్డ) లైనరు. రెండోది మోకాలి కిందిదాకా వచ్చే నల్ల లెదర్ జత. లోపల గొర్రె ఉన్ని, పక్కన జిప్పు, వెడల్పాటి చిన్న హీలు. కంపెనీల పేర్లు చెప్పడం లేదు. మోడళ్లు ఏటా మారిపోతాయి, కొనేటప్పుడు చూసుకోవాల్సినవి మాత్రం మారవు.

షాపులో ఎవరి చెయ్యయినా ముందు బూటు పైఅంచున ఉన్న ఫర్ మీదికే పోతుంది. చలి మాత్రం కింది నుంచి వస్తుంది. గడ్డకట్టిన కాంక్రీటు మీద బస్సు కోసం నిలబడి చూడండి, మొదట అరికాలు చల్లబడుతుంది, కాసేపటికి వేళ్లు మొద్దుబారతాయి. అందుకే నేను ముందు అడుగు మందం చూస్తాను, తర్వాత లోపల చెయ్యి పెట్టి ఇన్‌సోల్ తడిమి చూస్తాను. నా లెదర్ జతతో వచ్చిన ఇన్‌సోల్ చాలా పల్చన. అది తీసేసి ఉన్ని ఫెల్ట్‌ది వేసుకున్నాక అదే బూటు జనవరి ఉదయాలకు కూడా పనికొచ్చింది.

ఇక సైజు. మన కాలిని వెచ్చగా ఉంచేది ఉన్ని పట్టి ఉంచే గాలి. బూటు బిగుతైతే ఉన్ని నలిగిపోయి ఆ గాలి పోతుంది, పైగా రక్తం సరిగా ఆడదు. మందపాటి సాక్సు వేసుకుని వేళ్లు లోపల స్వేచ్ఛగా కదులుతున్నాయా అని చూడాలి. చెప్పులతో పెరిగిన నా పాదం ముందువైపు వెడల్పు. అందుకని అర సైజు పెద్దది తీసుకుంటాను, దొరికితే వైడ్ అని ఉన్నదే తీసుకుంటాను. ఊరి నుంచి తెచ్చుకున్న కాటన్ సాక్సులు ఇంట్లోకి సరే, బూట్లలోకి వద్దు. చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతాయి, ఆ తడే కాలిని చల్లబరుస్తుంది. మెరినో ఉన్ని సాక్సు ఒక్క జత చాలు, తేడా మొదటి రోజే తెలుస్తుంది.

డబ్బా మీద మైనస్ 30, మైనస్ 40 డిగ్రీలు అని రాసి ఉంటుంది. ఆ అంకె నడుస్తున్న మనిషిని దృష్టిలో పెట్టుకుని వేసింది, కంపెనీలన్నీ ఒకే కొలతతో వేసింది కూడా కాదు. బస్‌స్టాపులో కదలకుండా నిలబడేవాళ్లకు అది అంత చలికి ఆగదు. మైనస్ 30 రాసి ఉన్న నా బరువైన జత నిలబడినప్పుడు మైనస్ 15 దాకా హాయిగా ఉంటుంది, ఆ కిందికి పోతే అటూ ఇటూ నడుస్తూ ఉండాల్సిందే.

వెచ్చదనం కన్నా కూడా నేను పట్టుబట్టేది జారకపోవడం గురించి. టొరంటో రిహాబ్ అనే ఆసుపత్రికి చెందిన కైట్ పరిశోధనా సంస్థలో మంచు నేల ఉన్న ల్యాబ్ ఉంది. మనుషులకు బూట్లు తొడిగి, పడిపోకుండా బెల్టులు కట్టి, నేలను కొంచెం కొంచెం వాలుస్తూ ఎక్కడ జారుతారో చూస్తారు. కనీసం 7 డిగ్రీల వాలు తట్టుకుంటేనే ఒక మంచు పువ్వు గుర్తు ఇస్తారు. 2016లో వాళ్లు 98 రకాలు పరీక్షిస్తే దాదాపు 90 శాతం ఆ కనీసం కూడా దాటలేదు. ఫలితాలు రేట్ మై ట్రెడ్స్ అనే వెబ్‌సైటులో అందరికీ అందుబాటులో పెట్టారు. కొనేముందు తప్పకుండా చూడండి. లోతైన గాడులున్న సోల్ మెత్తటి మంచులో బాగుంటుంది. నున్నటి ఐస్ మీద మాత్రం గాడుల కన్నా రబ్బరు మెత్తదనమే ముఖ్యం. చలికి గట్టిపడిపోయే సోల్ ఐస్‌ను పట్టుకోదు. సున్నా దగ్గర్లో పైన నీళ్లు తేలిన ఐస్ అన్నిటికన్నా ప్రమాదం, మార్చిలో జాగ్రత్త.

అందం సంగతికి వస్తే నా ఓటు లెదర్ జతకే. జీన్స్ మీదికైనా, లెగ్గింగ్స్, పొడుగు కుర్తీ మీదికైనా కాలి తీరు పొందికగా కనిపిస్తుంది. యూనియన్ స్టేషన్ నుంచి పాత్ అనే భూగర్భ దారుల్లో ఆఫీసు దాకా పోగలిగిన రోజుల్లో అదే వేసుకుంటాను. పొడుగు బూట్లలో పిక్క దగ్గర కొలత చూసుకోవాలి. లోపల ఉన్ని ఉంటే జిప్పు ఇంకా బిగుస్తుంది, జీన్స్ వేసుకునే ప్రయత్నించి చూడండి. హీలు వెడల్పుగా, మూడు నాలుగు సెంటీమీటర్లు మించకుండా ఉంటే మంచులోనూ ధైర్యంగా నడవచ్చు. జిప్పుకు ఇంకో సుఖం కూడా ఉంది. ఇక్కడ ఎవరింటికి వెళ్లినా మనలాగే గుమ్మం దగ్గరే బూట్లు విప్పాలి. పిల్లల్ని ఎత్తుకుని లేసులు విప్పడం ఎంత కష్టమో తల్లులకు తెలుసు.

సంక్రాంతి ఫంక్షన్లకు చీర మీద కూడా ఇవే వేసుకుని, హాల్లో మార్చుకోవడానికి చెప్పులు సంచిలో పెట్టుకుంటాను. కుచ్చిళ్లు కాస్త పైకి ఎత్తి నడిస్తే అంచు తడవదు.

రోడ్ల మీద చల్లే ఉప్పు తోలుకు శత్రువు. తెల్లటి చారలు కనిపించిన రోజే వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డతో తుడవాలి. నల్ల లెదర్‌కు అది చాలు. లేత గోధుమ రంగు స్వెడ్ చూడ్డానికి ఎంత ముద్దొచ్చినా, ఉప్పు మరక దాంట్లోకి ఇంకితే పూర్తిగా పోదు. నా బరువైన జత ముంగాళ్ల దగ్గర ఆ మరకలు అలాగే ఉన్నాయి. తడిసిన బూట్లను హీటరు మీద ఆరబెట్టకండి, తోలు పగులుతుంది, జిగురు ఊడుతుంది. లైనరు విడిగా వచ్చే జత ఇక్కడే గెలుస్తుంది: రాత్రి బయటికి తీసి పెడితే పొద్దున్నకి పొడిగా ఉంటుంది.

కొత్తగా వచ్చి ఒక్కటే కొనగలిగేవాళ్లు, బస్సుల్లో తిరిగేవాళ్లయితే ఫెల్ట్ లైనరు జత తీసుకోండి. కారులో తిరిగేవాళ్లకు ఉన్ని లోపలున్న లెదర్ జతే సరిపోతుంది. మంచివి 150 నుంచి 250 డాలర్ల మధ్య దొరుకుతాయి, డిసెంబరు 26న బాక్సింగ్ డే అమ్మకాల్లో తగ్గుతాయి కానీ మన సైజు మిగిలి ఉంటుందన్న నమ్మకం లేదు. నా ఫెల్ట్ లైనర్లు మడమ దగ్గర పల్చబడ్డాయి. రబ్బరు, కుట్లు ఇంకా గట్టిగానే ఉన్నాయి కాబట్టి ఈసారి లైనర్లు మాత్రమే కొత్తవి కొంటున్నాను.