ఊసరవెల్లి పంజరంలో సెలైన్ సెట్టు: పదహారు నెలల వాడకం తర్వాత

జాలీ ఎంత సన్నగా ఉండాలి, యూవీబీ ట్యూబు (అతినీలలోహిత కాంతినిచ్చే దీపం) ఎంత ఎత్తులో కట్టాలి, అడుగున మట్టి పోయాలా వద్దా (వద్దు) వంటివి ఊసరవెల్లి పిల్లను కొనాలనుకునేవాళ్ళు కొనకముందే కంఠతా పట్టి ఉంటారు. నేనూ పట్టాను. అయినా మొదటి వేసవిలోనే మా ఊసరవెల్లి రంగడు చేతికి దక్కకుండా పోయేవాడు. అందుకే మిగతావన్నీ వదిలేసి, పంజరంలో నీటి ఏర్పాటు గురించి మాత్రమే రాస్తున్నాను.

రంగడు మన చెలకల్లో, కంచెల మీద కనిపించే ఊసరవెల్లి కాదు. దాన్ని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. (మనవాళ్ళు ఊసరవెల్లి అని వేలు పెట్టి చూపించేది చాలాసార్లు తొండే, అది వేరే సంగతి.) వీడిది యెమెన్, సౌదీ అరేబియా వైపు జాతి, పంజరంలోనే పుట్టాడు. కాగితాలతో కొన్నాను, 2024లో ఇలాంటి విదేశీ జీవుల నమోదుకు నియమాలు వచ్చాక కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు కూడా చేయించాను. 2023 నవంబరులో హనుమకొండలోని మా ఇంటికి వచ్చినప్పుడు వాడికి మూడు నెలలు, తోకతో కలిపి నా అరచేయంత. చూడవచ్చిన ప్రతి బంధువూ "ఇది ఏ పార్టీ?" అని అడిగి, తానే మొదట అన్నట్టు నవ్వేవారు.

మొదటి పంజరం నాలుగు వైపులా అల్యూమినియం జాలీ ఉన్నది, 40 సెంటీమీటర్ల వెడల్పు, 75 ఎత్తు. లోపల మనీ ప్లాంటు, ఒక మందార, అడ్డంగా జామ పుల్లలు. పైన నీటిని మంచులా సన్నని తుంపరగా చల్లే యంత్రం. దానిదే అసలు కథ. ఊసరవెల్లి సాధారణంగా గిన్నెలో నీళ్ళు తాగదు. నిలిచి ఉన్న నీరు దాని కంటికి ఆననట్టే ఉంటుంది. ఆకు మీద మెరుస్తూ కదిలే చుక్క కనబడితేనే నాలుక చాపుతుంది. కాబట్టి రోజుకు నాలుగుసార్లు తనంతట తాను ఆకులను తడిపే యంత్రం దొరికితే ఇంకేం కావాలి? ఆ చలికాలమంతా దాన్ని తెగ మెచ్చుకున్నాను. ఇద్దరు స్నేహితులచేత కొనిపించాను కూడా. వాళ్ళలో ఒకరు ఇప్పటికీ నా ఫోను ఎత్తరు.

ఏప్రిల్ వచ్చింది. విదేశీయులు రాసిన సూచనలన్నీ పంజరాన్ని ఎలా వెచ్చబరచాలో చెప్తాయి. పిల్ల ఊసరవెల్లి కూర్చునే కొమ్మ దగ్గర 30 డిగ్రీలు చాలు. ఓరుగల్లు ఎండల్లో బల్బు వెలిగించకుండానే మా గదిలో 37 ఉండేది. బల్బు తీసేశాను, గదిలో కూలరు పెట్టాను, గాలి నేరుగా పంజరానికి తగలకుండా పక్కకు తిప్పాను. అంతా సరిగానే చేశానని నా నమ్మకం. యంత్రం రోజూ వేళకు "గుర్ర్" మనేది, ఆ శబ్దం వినగానే నేను నిశ్చింతగా ఆఫీసుకు వెళ్ళేవాడిని.

శబ్దం వచ్చేది కానీ నీళ్ళు రావడం లేదని నాకు తెలియదు. మాది బోరు నీరు. బకెట్టు అంచున తెల్లటి పొర కట్టే నీరు. ఆ పొరే యంత్రంలో నీళ్ళు చిమ్మే నాజిల్ రంధ్రంలోనూ పేరుకుంది. రెండు నాజిళ్ళలో ఒకటి పూర్తిగా మూసుకుపోయింది, రెండోది అడ్డంగా చిమ్మి గోడను తడుపుతోంది. పైగా కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ టైమరు మొదటికి వచ్చేది. తెల్లవారుజామున పడాల్సిన తడి మిట్టమధ్యాహ్నం పడేది, అదీ గోడకు. అమ్మినవారిని అడిగితే, నీటి వల్ల వచ్చిన లోపానికి వారంటీ వర్తించదన్నారు. ఆ ముక్క పెట్టె మీద ఎక్కడా రాయలేదు.

తేడా మొదట కనిపెట్టింది మా అమ్మ. ముప్పై ఏళ్ళు ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. రంగడి వైపు అప్పటిదాకా కన్నెత్తి చూసేది కాదు, "ఇంట్లో పెట్టుకోవడానికి ఇదే దొరికిందా" అనేది. ఆ రోజు సాయంత్రం నేను రాగానే పంజరం ముందు స్టూలు వేసుకుని కూర్చుని ఉంది.

"దీని కళ్ళు చూడు బిడ్డా, గుంతలు పడ్డాయి. నీళ్ళు పోయిన పిల్లవాడి కళ్ళలా ఉన్నాయి."

నిజమే. బుడిపెల్లా ఉబికి ఉండాల్సిన కళ్ళు లోపలికి దిగిపోయాయి. రెట్టలో తెల్లగా ఉండాల్సిన భాగం నారింజ రంగుకు తిరిగింది. నేను డ్రాపరు తీసుకుని నోట్లో పోయబోతే, ఫోనులో పశువైద్యుడు వద్దన్నారు. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందట. అమ్మ నా మాటా వినలేదు, ఆయన మాటా పూర్తిగా వినలేదు. చెప్పులు వేసుకుని సందు చివరి మెడికల్ షాపుకు వెళ్ళి సెలైన్ సెట్టు ఒకటి పట్టుకొచ్చింది. నలభై రూపాయలైనా కాలేదు.

సూది తీసి పారేసింది. రెండు లీటర్ల నీళ్ళ సీసా మూతకు సెట్టు మొన గుచ్చి, సీసాను తలకిందులుగా కిటికీ ఊచకు కట్టింది. అడుగున చిన్న రంధ్రం పెట్టింది, గాలి ఆడకపోతే సీసా నొక్కుకుపోయి ధార ఆగిపోతుంది కదా. గొట్టం చివరను పంజరం పైజాలీ మీద, సరిగ్గా మనీ ప్లాంటు పెద్దాకుకు ఎగువన నిలిపింది. తర్వాత చేతి గడియారం చూసుకుంటూ గొట్టం మీద ధారను తగ్గించి పెంచే చక్రం తిప్పింది: నిమిషానికి 30 చుక్కలు. మన దగ్గర మామూలు సెట్టులో 20 చుక్కలకు ఒక మిల్లీలీటరు. అంటే గంటకు 90 మిల్లీలీటర్లు. ఈ లెక్క ఆమె నోటికి వచ్చు.

చుక్క ఆకు మీద పడుతుంది, కాడ దాకా జారుతుంది, కింది ఆకు మీద పడుతుంది. రంగడు ఒక కన్ను అటు తిప్పాడు. రెండో కన్ను మా మీదే. ఇరవై నిమిషాలు అంతే. కరెంటు పోయింది, కూలరు ఆగింది, చుక్క మాత్రం ఆగలేదు. సెల్‌ఫోను వెలుతురులో చూస్తుంటే వాడు ఊగుతూ ఊగుతూ నాలుగు అడుగులు వేశాడు, ఆకు అంచున నోరు ఆనించాడు. గొంతు కదిలింది. ఆగాడు. మళ్ళీ కదిలింది. ఎంతసేపు తాగాడో నేను చూసుకోలేదు కానీ అమ్మ చూసుకుంది: పదకొండు నిమిషాలు. మూడో రోజుకు రెట్ట తెల్లబడింది, కళ్ళు పైకి వచ్చాయి.

అప్పటినుంచి ఇప్పటిదాకా అదే సెట్టు, అంటే అలాంటివే. ఒకే సెట్టును నెలకు మించి వాడను, గొట్టం లోపల జిగురు పట్టి పచ్చబడుతుంది. బోరు నీరు మానేసి క్యాను నీళ్ళు పోస్తున్నాను. పొద్దున నాలుగు గంటల సేపు, ఎండాకాలంలో సాయంత్రం మరో రెండు గంటలు. కరెంటు అక్కర్లేదు, శబ్దం లేదు. అన్నిటికంటే నాకు నచ్చింది ఇది: పని చేస్తోందా లేదా అన్నది గది గుమ్మం నుంచే కంటికి కనిపిస్తుంది. యంత్రం విషయంలో నన్ను ముంచింది సరిగ్గా అది కనబడకపోవడమే.

లోపాలు లేవా? ఉన్నాయి. సీసాలో నీటి మట్టం తగ్గేకొద్దీ చుక్క నెమ్మదిస్తుంది. పొద్దున 30 పెట్టింది మధ్యాహ్నానికి 18కి దిగుతుంది. మధ్యలో ఒకసారి సరిచేయాలి. ఒకరోజు మా అమ్మాయి చక్రాన్ని పూర్తిగా వదిలేసి బడికి వెళ్ళిపోయింది. పంజరం అడుగున నీళ్ళు పట్టే తొట్టి నిండి, నేల మీదికి పారి, ట్యూబు ప్లగ్గు ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డును చేరింది. ఎం.సి.బి. (ప్రమాదంలో కరెంటును తనంతట తానే ఆపే స్విచ్చు) పడిపోయింది కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ఆ బోర్డు గోడకు ఎత్తులో ఉంది, సీసాలో అర లీటరుకు మించి పోయడం లేదు. మేతగా వేసినవాటిలో తొట్టిలో పడి చచ్చిన కీచురాళ్ళకు చీమలు పడతాయి, రోజూ పారబోయాల్సిందే.

ఇంకో మాట. జాలీ పంజరమే మేలని మొదట్లో అందరికీ చెప్పేవాడిని. గాలి ఆడకపోతే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది కాబట్టి ఇప్పటికీ కాదనను. కానీ మే నెలలో నాలుగు వైపులా జాలీ ఉంటే ఆకు మీది తడి చూస్తుండగానే ఆవిరైపోతుంది. అందుకే ఆ ఎండల రోజుల్లో వెనుక వైపు బయటినుంచి తడి గోనెపట్టా కడుతున్నాను, ఒక పక్క పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు. వానాకాలం మొదలు కాగానే రెండూ తీసేస్తాను. అలాగే యంత్రాన్ని నేను తిట్టినంత చెడ్డదనీ అనను. క్యాను నీళ్ళతో, చలికాలం తెల్లవారుజామున రెండు నిమిషాలు చల్లడానికి అది బాగానే ఉంది. అప్పుడు నేను ఇంట్లోనే ఉంటాను, నాజిల్ వైపు ఒకసారి చూస్తాను.

మీకు పనికొస్తుందా అంటే, మా ఇంట్లో పగలంతా అమ్మ ఉంటుంది, చుక్కలు లెక్కపెట్టడం ఆమెకు అలవాటు. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో మధ్యాహ్నం చక్రం తిప్పేదెవరో చెప్పలేను. పైగా నేను పెంచింది ఈ ఒక్కడినే, ఈ ఒక్క ఊళ్ళోనే.

రంగడు ఇప్పుడు 60 సెంటీమీటర్ల వెడల్పు, 120 ఎత్తు ఉన్న పంజరంలో ఉన్నాడు, రెండు సీసాలు, రెండు సెట్లు. పాత చిన్న పంజరం మేడ మీద ఖాళీగా ఉంది. హనుమకొండ, కాజీపేటల్లో ఎవరైనా వచ్చి తీసుకెళ్తానంటే ఊరికే ఇస్తాను. యంత్రం కూడా ఇస్తానంటే అమ్మ ఒప్పుకోవడం లేదు, "ఇచ్చి మాట పడతావు" అంటోంది.