పార్ట్‌టైమ్ జీతానికి సరైన హారం: తిరుపతిలో ఒక జీతాల లెక్కల కార్యాలయం పనితీరు

గోవిందరాజస్వామి ఆలయానికి దగ్గరలో మాకు ఇత్తడి, రాగి పూజాసామగ్రి అంగడి ఉంది. వారాంతంలో యాత్రికుల రద్దీ ఎక్కువ కాబట్టి 2025 నవంబరులో ఒక డిగ్రీ విద్యార్థినిని పార్ట్‌టైమ్‌గా చేర్చుకున్నాము. ఆమె మొదటి జీతంలో నేను చేసిన తప్పును బయటపెట్టింది ఊళ్లోని చిన్న అంగళ్లకు జీతాల లెక్కలు వేసి ఇచ్చే ఒక కార్యాలయం. ఆ సేవలో నాకు నచ్చిన దానితోపాటు నచ్చని దాన్నీ ఇక్కడ రాస్తున్నాను.

మా దగ్గర పూర్తికాలం పనిచేసేవారు రోజుకు 8 గంటల చొప్పున వారానికి 48 గంటలు పనిచేస్తారు, వారి నెలజీతం 14,400 రూపాయలు. ఈ అమ్మాయి గురువారం నుంచి ఆదివారం వరకు రోజుకు 5 గంటలు, అంటే వారానికి 20 గంటలు వస్తుంది. 14,400ను 20తో గుణించి 48తో భాగిస్తే 6,000 వస్తుంది, ఇంతవరకు నా లెక్క సరిగానే ఉంది. అయితే ఆమె చేరింది 13వ తేదీన. అందరూ భాగించినట్టే నేనూ 6,000ను 26తో భాగించి, ఆమె వచ్చిన 12 రోజులతో గుణించి 2,769 రూపాయలు చేతిలో పెట్టాను. 1972 నాటి గ్రాట్యుటీ చట్టం కూడా నెలజీతాన్ని 26తోనే భాగించేది కాబట్టి ఆ అంకె మీద నాకు అనుమానమే రాలేదు.

ఆ కార్యాలయంలోని పెద్దాయన జీతం సంగతి అడగక ముందే, ఆమె వారంలో ఏయే రోజుల్లో వస్తుందో అడిగి, క్యాలెండరు తెరిచి ఆ రోజులన్నీ గుర్తు పెట్టారు. "ముందు హారం తేల్చుకోండి సార్, భాగహారం తర్వాత" అన్నారు. 26 అన్నది వారానికి ఆరు రోజులు వచ్చేవారి హారమని, నాలుగు రోజులే వచ్చే మనిషి పనిదినాలను లవంలో పెట్టి దానితో భాగిస్తే నెలంతా మానకుండా వచ్చినా ఆమెకు 6,000 ఎప్పటికీ అందదని ఆయన చూపించినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. ఆ నవంబరులో ఆమె రావలసిన రోజులు 18, చేరిన తర్వాత మిగిలినవి 12, కాబట్టి ఇవ్వవలసింది 4,000 రూపాయలు. నెలలోని 30 రోజులతో లెక్కిస్తే 13 నుంచి 30 వరకు 18 రోజులకు 3,600 అవుతుంది. గంటల పద్ధతిలో, వారానికి 20 గంటలను 52తో గుణించి 12తో భాగిస్తే నెలకు సగటున 86.67 గంటలు, గంటకు 69.23 రూపాయలు, ఆమె పనిచేసిన 60 గంటలకు 4,154 అవుతుంది. నెల మధ్యలో చేరినా మానినా ఆ నెలలో ఆమె రావలసిన రోజులే హారంగా ఉండాలని, బ్రహ్మోత్సవాల సమయంలో అదనంగా ఉంచుకునే గంటలకు మాత్రం గంట ధర వాడాలని, రెండూ నియామక పత్రంలోనే రాయాలని ఆయన సూచించారు. ఇంత ఓపికగా విడమరిచి చెప్పేవారు అరుదు. మిగిలిన 1,231 రూపాయలను మర్నాడే ఆమెకు ఇచ్చాను.

సెలవుల విషయంలో మాత్రం వారి పనితనం ఈ స్థాయిలో లేదు. సోమ, మంగళ, బుధవారాల్లో రోజుకు 8 గంటలు పనిచేసే పెద్దావిడ ఒకరు మా దగ్గర ఉన్నారు. సెలవు ఆమె వచ్చే రోజున పడితేనే జీతం ఇవ్వాలని వారు పత్రంలో రాశారు. అలా చేస్తే 2026లో జనవరి 26 సోమవారం కాబట్టి ఆమెకు దక్కుతుంది గాని, ఆగస్టు 15 శనివారం, అక్టోబరు 2 శుక్రవారం కావడంతో ఆ రెండూ పోతాయి. పూర్తికాలం వారికి మేము ఏడాదికి 8 సెలవులు జీతంతో ఇస్తాము, అందులో సగం గంటలు పనిచేసే ఆమెకు 4 రావడం న్యాయం. జీతానికి పాటించిన దామాషాను సెలవులకూ పాటించమని నేను అడిగిన తర్వాతే వారు పత్రం మార్చారు. అడగనివారి పత్రాల్లో ఆ లోపం అలాగే ఉండిపోతుందేమోనని నాకు దిగులుగా ఉంది.

ఇద్దరి లెక్కలకూ కలిపి 500 రూపాయలు తీసుకుని రెండు రోజుల్లో పని పూర్తిచేశారు, సవరణకు మళ్లీ రుసుము అడగలేదు. లెక్క కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంటుంది. జీతం తీసుకునే మనిషి చదువుకోలేని కాగితం వల్ల సగం ప్రయోజనమే కాబట్టి, వెళ్లేవారు తెలుగు ప్రతిని తప్పకుండా అడగాలి. మాకు అడిగిన వెంటనే రాసి ఇచ్చారు.