కారు, బస్సు, మెట్రో: హబ్సిగూడ నుంచి హైటెక్ సిటీకి పన్నెండేళ్లు

మా ఇల్లు హబ్సిగూడలో, ఆఫీసు హైటెక్ సిటీలో. హైదరాబాద్‌కు తూర్పు కొస ఇది, పడమటి కొస అది. ఒకవైపు దాదాపు 20 కిలోమీటర్లు. 2013లో ఈ ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఈ దారిలో బస్సెక్కాను, కారు నడిపాను, మెట్రో వచ్చాక అందులో తిరిగాను. మధ్యలో రెండేళ్లు మళ్లీ కారులోనే వెళ్లాను. ఇప్పుడు పూర్తిగా మెట్రోలోనే వెళ్తున్నాను. ఇటువైపు ఇల్లు, అటువైపు ఉద్యోగం ఉండి ఏం చేయాలా అని ఆలోచించేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మొదటి ఏడాది బస్సు. ఇంటి నుంచి సికింద్రాబాద్ దాకా ఒక బస్సు, అక్కడ 10హెచ్ పట్టుకుంటే ప్యారడైజ్, బేగంపేట, అమీర్‌పేట, యూసుఫ్‌గూడ, మాదాపూర్ మీదుగా హైటెక్ సిటీలో దింపేది. సీటు దొరికితే అది చాలా మంచి ప్రయాణం. కండక్టర్ దగ్గర చిల్లర లేకపోతే టికెట్ వెనక రాసిచ్చేవాడు, దిగేముందు అడిగి తీసుకోవాలి. ఆ టికెట్ పారేసుకోకుండా వేళ్ల మధ్య పట్టుకుని కూర్చోవడం అలవాటైపోయింది. సీటు దొరకని రోజు మాత్రం గంటన్నర నిలబడే.

2014లో లోన్ పెట్టి చిన్న కారు కొన్నాను. మా నాన్న సూర్యాపేట నుంచి వచ్చి, దగ్గరుండి పూజ చేయించి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించారు. ఆ రోజు ఆయన ముఖం ఇప్పటికీ గుర్తుంది. జీవితమంతా బస్సుల్లో తిరిగిన బడిపంతులు ఆయన. కొడుకు కారులో ఆఫీసుకు వెళ్తున్నాడంటే ఆయనకు అది నా జీతం కంటే పెద్ద మాట. ఊళ్లో ఎవరు అడిగినా "మావాడు సెటిలయ్యాడు, కారు కొన్నాడు" అని రెండూ కలిపే చెప్పేవారు. మన ఇళ్లలో కారు అంటే ప్రయాణం ఒక్కటే కాదు. బస్టాపులో ఎండకు నిలబడిన రోజులు అయిపోయాయి అని లోకానికి చెప్పడం. ఆ సంతోషాన్ని నేను తక్కువ చేయను.

కానీ రోజూ ఆఫీసుకు కారు నడపడం వేరే సంగతి. ఎనిమిదికి బయల్దేరితే తొమ్మిదిన్నరకు చేరేవాణ్ని. సాయంత్రం ఇంకా ఎక్కువ. తార్నాక దాటేసరికే ట్రాఫిక్ మొదలయ్యేది, బేగంపేటలో కదిలీ కదలనట్టు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దగ్గర ఎడమ కాలు క్లచ్ మీదే. రెండేళ్లకు ఎడమ మోకాలు నొప్పి మొదలైంది. ఫిజియోథెరపిస్టు అడిగిన మొదటి ప్రశ్న, "రోజుకు ఎంతసేపు కారు నడుపుతారు?" అని. మోకాలు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టింది నా కోపం. ఇంటికొచ్చి బూట్లు విప్పుతూనే పిల్ల మీద అరిచేవాణ్ని. రోడ్డు మీద అడ్డం వచ్చిన ఎవరి మీదో కోపం అది.

2017 నవంబర్ 29న మెట్రో జనానికి తెరిచారు. మొదట మియాపూర్ నుంచి అమీర్‌పేట మీదుగా నాగోల్ దాకా 30 కిలోమీటర్లు, 24 స్టేషన్లు. మా హబ్సిగూడ అందులో ఉంది. కానీ రైలు నన్ను అమీర్‌పేటలో దింపేసేది, అక్కడ కిందికి దిగి మళ్లీ 10హెచ్ కోసం ఎదురుచూడాలి. అందుకని వారంలో రెండు రోజులే వెళ్లేవాణ్ని. 2019 మార్చి 20న అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీ దాకా లైను మొదలవడం నా జీవితంలో నిజంగా పెద్ద మార్పు. హబ్సిగూడలో ఎక్కితే, మారే పని లేకుండా, 40 నుంచి 45 నిమిషాల్లో హైటెక్ సిటీ. ఏ రోజైనా అంతే. పెళ్లిళ్ల సీజన్ అయినా అంతే, బేగంపేట రోడ్డులో ఏం జరిగినా అంతే.

వాన రోజు చూడాలి దీని విలువ. సాయంత్రం ఆరింటికి గట్టి వాన పడితే మాదాపూర్ వైపు రోడ్లు ఎలా ఉంటాయో అక్కడ పనిచేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. ఉద్యోగులను ఒకేసారి కాకుండా విడతలుగా ఇళ్లకు పంపమని పోలీసులే కంపెనీలకు చెప్పే పరిస్థితి. కారు రోజుల్లో అలాంటి ఒక సాయంత్రం మూడున్నర గంటలు పట్టింది నాకు. పెట్రోలు ముల్లు కిందికి దిగుతుంటే ఏసీ ఆపేసి, అద్దాలు మసకబారితే తుడుచుకుంటూ కూర్చున్నాను. ఇప్పుడు అదే వానలో దుర్గం చెరువు మీద నీళ్లు పడుతుంటే రైలు కిటికీలోంచి చూస్తాను.

కోవిడ్ వల్ల 2020 మార్చి 22న మెట్రో ఆగిపోయింది, సెప్టెంబర్ 7న మళ్లీ నడిచింది. ఆఫీసు తెరిచాక భయంతో నేను కారులోనే వెళ్లాను. ఆ రెండేళ్లు ఒకరకంగా మంచి పరీక్ష అయింది. దుర్గం చెరువు తీగల వంతెన లాంటి కొత్త దారులు వచ్చాయి కదా, బాగుంటుందనుకున్నాను. మొదట్లో బాగానే ఉంది. ఆఫీసులన్నీ తెరుచుకునేసరికి కొత్త వంతెనలూ నిండిపోయాయి. 2022 జూన్ నుంచి మళ్లీ మెట్రో, అప్పటి నుంచి మానలేదు.

ఖర్చు సంగతి క్లుప్తంగా. నా కారు ట్రాఫిక్‌లో లీటరుకు 12 కిలోమీటర్లు ఇస్తుంది. రానుపోను 40 కిలోమీటర్లకు, లీటరు 107 రూపాయల లెక్కన, రోజుకు 350 పైనే. సర్వీసింగ్, టైర్లు, ఇన్సూరెన్స్ వేరు. మెట్రో ఛార్జీలు మొదట్లో 10 నుంచి 60 రూపాయలు ఉండేవి. 2025 మేలో పెంచి, తర్వాత పది శాతం తగ్గించాక 11 నుంచి 69 అయ్యాయి. అంటే ఎంత దూరం వెళ్లినా రానుపోను 138 దాటదు. ఒక్కడే వెళ్లేవాడికి కారుతో పోలికే లేదు. నలుగురు కలిసి ఒకే కారులో వెళ్తే మాత్రం లెక్క తిరగబడుతుంది, అది ఒప్పుకోవాలి.

ఇక మనుషుల మాట. కారు ఇంట్లో పెట్టి మెట్రోలో వెళ్లడం మొదలుపెట్టిన నెలలోనే పక్కింటాయన నన్ను పక్కకు పిలిచి, "అంతా బాగానే ఉంది కదా? ఆఫీసులో ఏమైనా ఇబ్బందా?" అని అడిగారు. నిజంగా నా మేలు కోరే అడిగారు. మా అత్తగారైతే "అల్లుడుగారు రైల్లో నిలబడి వెళ్తున్నారట" అని మా ఆవిడ దగ్గర బాధపడ్డారు. మొదటి రెండు నెలలు ఆఫీసులో ఎవరైనా అడిగితే నేనే "బండి సర్వీసింగ్‌కి ఇచ్చాను" అని అబద్ధం చెప్పాను. ఎందుకు చెప్పానా అని తర్వాత చాలా ఆలోచించాను. బస్సు, రైలు అంటే గతిలేక ఎక్కేవి అనే మాట నాలోనూ ఉంది. సంబంధాలు చూసేటప్పుడు అబ్బాయికి సొంత ఇల్లు, కారు ఉన్నాయా అని అడుగుతారు తప్ప ఇంటి దగ్గర స్టేషన్ ఉందా అని ఎవరూ అడగరు. నాకు ఇప్పుడైతే రెండో ప్రశ్నే ముఖ్యమనిపిస్తుంది.

మా ఆవిడ ప్రైవేటు స్కూల్లో టీచర్, సిటీ బస్సులో వెళ్తుంది. 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటోంది. ఆ పథకం గురించి నా ముందే ఎన్ని మాటలన్నారో. "ఊరికే తిరుగుతున్నారు" అని. ఆమె బస్సులో పొద్దున్నే ఎక్కేది ఇళ్లలో పనిచేసేవాళ్లు, నర్సులు, బట్టల షాపుల్లో నిలబడి పనిచేసే అమ్మాయిలు. తన పక్కన కూర్చునే ఒకావిడ బస్సుకయ్యే డబ్బులు మిగలబెట్టి కూతురు ట్యూషన్ ఫీజు కడుతోందట. బస్సులు కిక్కిరిసిపోతున్నాయన్న మాట నిజమే. దానికి కావలసింది ఇంకా ఎక్కువ బస్సులు. ఎక్కినవాళ్లను చిన్నచూపు చూడటం కాదు. ఈ విషయంలో నాకు మెత్తగా మాట్లాడటం రాదు.

మెట్రోలో రద్దీ కూడా చెప్పాలి. రైలుకు మూడు పెట్టెలే. పరేడ్ గ్రౌండ్‌లో గ్రీన్ లైన్ రైళ్లు, అమీర్‌పేటలో రెడ్ లైన్ రైళ్లు దిగినవాళ్లు కూడా మా రైలే ఎక్కుతారు. ఉదయం తొమ్మిదికి అమీర్‌పేట దాటాక పుస్తకం తెరవడం కుదరదు. నేను ఏడున్నరకే బయల్దేరతాను, అప్పుడు సీటు దొరుకుతుంది. ఈ మూడేళ్లలో చదివిన పుస్తకాలు అంతకుముందు పదేళ్లలో చదవలేదు. అర్ధరాత్రి షిఫ్టు దిగేవాళ్లకు మెట్రో ఉండదు, వాళ్లకు నా సలహా పనికిరాదు.

అసలు కష్టం రైల్లో లేదు, రైలుకు రెండు కొసల్లో ఉంది. మా ఇంటి నుంచి స్టేషన్ 900 మీటర్లు. ఆ దారిలో ఫుట్‌పాత్ మూడు చోట్ల మాయమవుతుంది. ఒకచోట ట్రాన్స్‌ఫార్మర్ గద్దె, ఒకచోట వరసగా పార్క్ చేసిన బైకులు, ఇంకోచోట పలకలు లేచిపోయి తెరిచి ఉన్న మురుగుకాలువ. ఆ మూడు చోట్లా రోడ్డు మీదికి దిగి, వెనక నుంచి వచ్చే బస్సులకు వీపు పెట్టి నడవాలి. అటువైపు హైటెక్ సిటీ స్టేషన్ నుంచి ఆఫీసు కిలోమీటరున్నర. ఆ కాస్త దూరానికి ఆటో అడిగితే కొన్నిసార్లు మెట్రో టికెట్ కంటే ఎక్కువ చెబుతారు. ఇప్పుడు షేర్ ఆటో, లేకపోతే నడక. ఒకసారి వానలో ఆ కాలువ దగ్గర కాలు జారి మడమ బెణికింది, పది రోజులు మళ్లీ కారే దిక్కయింది. మా అమ్మకు 72 ఏళ్లు. స్టేషన్లో లిఫ్టు ఉంది, రైల్లో సీటిస్తారు, అంతా బాగుంటుంది. కానీ ఆమెను ఆ 900 మీటర్లు నేను నడిపించలేను. ఆమె ఆసుపత్రికి వెళ్లాలంటే కారు తీయాల్సిందే. కారు అమ్మకపోవడానికి ఉన్న ఒకే ఒక కారణం అది. మా ఊరు సూర్యాపేట వెళ్లడానికైతే బస్సులకు కొదవ లేదు.

అందుకే నన్ను ఎవరైనా అడిగితే ముందు ఇంటి నుంచి స్టేషన్ దాకా ఒకసారి ఉదయం, ఒకసారి చీకటి పడ్డాక నడిచి చూడమంటాను. అది కుదిరితే మిగతాదంతా కుదురుతుంది. కుదరకపోతే రైలు ఎంత బాగున్నా నెల తిరిగేసరికి కారు తాళాలు చేతిలోకి వచ్చేస్తాయి.

వచ్చే జూన్‌లో మా అమ్మాయి అమీర్‌పేట దగ్గర కాలేజీలో చేరబోతోంది. స్కూటీ కొనాలా, మెట్రో కార్డు చేయించాలా అని ఇంట్లో మాట్లాడుకుంటున్నాం. గత శనివారం ఇద్దరం కలిసి వెళ్లి వచ్చాం. రైలు తనకు బాగా నచ్చింది, కార్డే చాలంది. తిరిగి వచ్చేటప్పుడు చీకటి పడింది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర రోడ్డు మీదికి దిగాల్సిన చోట తన చెయ్యి పట్టుకున్నాను. ఏడు దాటితే స్టేషన్లో దిగగానే ఫోన్ చెయ్యి, నేను వచ్చేదాకా అక్కడే ఉండు అని చెప్పాను.